మూడవ నీరు

గ్రీష్మప్రతాపమునకు దిక్కులు బూడిదవన్నె దాల్చి రాయదుర్గపు కొండబండలు కొలిమిలోని యినుమువలె సెగలు గ్రక్కుచు తుమ్మచెట్ల నీడలు తమ మొదళ్లలోనికే ముడుచుకొనిపోయి బళ్లారికి బోవు త్రోవపై తారు మెత్తబడి బండిచక్రముల గురుతులను మైనమువలె పట్టుకొనుచున్న వైశాఖమాసమున ఆ త్రోవ ప్రక్కన రేకులకప్పుతో నిలిచియున్న వస్త్రక్షాళనశాల యొకటి లోన ఆవిరిచేతను వెలుపల నెండచేతను ఏకకాలమున నుడుకుచుండెను.

దానిని వస్త్రక్షాళనశాల యని పిలుచువారు ఆ ప్రాంతమున నొక్కరును లేరు. అందరును వాషింగందురు. కుట్టుమిషనుల వీధులనుండి మూటలుగా వచ్చిన క్రొత్త జీన్సుప్యాంట్లు బల్లవలె బిరుసై నిలువబెట్టిన నిలిచి తొడిగికొన్నవాని తొడల నొరసిపెట్టునవియై యుండగా వానిని రాళ్లతోను మందులతోను త్రిప్పి పదియేండ్లు తొడిగి యుతికిన బట్టలవలె మెత్తబరచి వెలవెలబార్చి యిచ్చుట యా శాల వృత్తి. క్రొత్తబట్ట పాతదానివలె కనబడిననే జనులు కొందురను సంగతిని గూర్చి యచట పనిచేయువారు వింతపడుట మానివేసి చాలకాలమయ్యెను.

ఒక యంత్రపు కడుపులో నొక్కసారి పట్టు బట్టల మొత్తమునకు లాటని పేరు. ఒక్కొక్క లాటునకు ఐదు నీళ్లు. మొదటి నీరు నేతనాటి గంజిని విడిపించును. రెండవ నీటిలో నగ్నిపర్వతముల పొట్టలో బుట్టి నీటిపై తేలునంత తేలికయై నిలువెల్ల బొరియలు గల రాళ్లను ఎంజైమను మందును గలిపి ముప్పావుగంట త్రిప్పుదురు. ఈ మందునకు నూలే యాహారము. గోరువెచ్చని నీటిలో నది బట్టపైని నూగును మేసి నీలిని పలుచబరచి మెత్తదనము నిచ్చును. కాని చాలుననుట దానికి తెలియదు. కావున మూడవ నీటిలో సోడా వేసి చేయి పెట్టరాని వేడిమిలో పది నిమిషములు త్రిప్పి యా మందును చంపవలెను. చంపనిచో బట్ట తడిగా నున్నంతసేపును అది నూగును విడిచి దారమును, దారమును విడిచి కుట్టును మేయుచునే యుండును. నాలుగవది చన్నీరు. ఐదవది మెత్తదనపు తైలము గలిపిన నీరు. అంతటితో లాటు ముగియును.

ఇన్ని నీళ్లను లెక్కపెట్టుట యెట్లు? గోడపై గడియారము కలదు గాని యావిరి పట్టి దాని యద్దము తెల్లబడెను. పలకపై సుద్దతో వ్రాసిన యక్షరములు జాము తిరుగక మునుపే కరగి కారును. సెల్‌ఫోనులు నీటిలో బడునని వానిని గుమ్మము కడనే యుంచి రావలెను. అందుచేత ఆ శాలకు పెద్దయైన వాషింగు మేస్త్రి తిప్పేస్వామి యిరువదియేండ్ల క్రిందటనే యొక పద్ధతి నేర్పరచెను. లాటు మొదలిడగానే యంత్రపు తలుపు పిడికి తెల్లని పేలిక నొకదానిని కట్టుదురు. ఒక నీరు ముగిసి కాలువలోనికి దిగిపోయిన పిమ్మట దానికొక ముడి వేయుదురు. ఒకరు లేచిపోయిన నింకొకరు వచ్చి ముళ్లు లెక్కపెట్టి పని నందుకొందురు. ఆ శాలలో నోటిమాటను సందేహించువారు కలరు గాని ముడిని సందేహించువారు లేరు.

కుళ్ళాయమ్మ యిరువదిరెండేండ్లది. ఎనిమిదవ తరగతి నడుమ బడి మానినది. మూడేండ్లు దారపుకొసలు కత్తిరించు స్త్రీల వరుసలో గూర్చుండి బట్టను చేతబట్టినంతనే యది యేనీటిలో నెంతసేపు తిరిగినదో చెప్పగలుగుటచే తిప్పేస్వామి యామెను బిడ్డ పుట్టిన నాలుగవ నెలలో యంత్రము మీదికి దెచ్చెను. అంతకుమున్ను ఆ శాలలో నొక స్త్రీ యంత్రమును ముట్టి యెరుగదు. యజమానియైన రుద్రప్ప దానికి నొసలు చిట్లించెను. పైగా కుళ్ళాయమ్మ తన యేడునెలల కూతురు భాగ్యను ఇంటికడ జూచువారెవ్వరును లేకపోవుటచే శాల కొసనున్న రెండు స్తంభములకు చీరయుయ్యాల కట్టుకొనుట కాతడు మరింత చిట్లించి "ఈ నెలాఖరు దాకా చూస్తా. పని చెడకుండా ఉంటే ఉండనీ. చెడితే ఉయ్యాలా వద్దు, బిడ్డతల్లులూ వద్దు" అని చెప్పిపోయెను. ఆ మాట వినిన పాలిచ్చు తల్లులు నలుగురు తమకును పని దొరకునేమో యని తమ తమ యిండ్లలో గూర్చుండి నెలాఖరున కెదురుచూచుచుండిరి. కుళ్ళాయమ్మ కది తెలియును. తెలియుటచే నామెకు బిడ్డ యేడ్చిన భయము, ఏడ్వకున్న నంతకన్న భయము.

ఆ వారమున బిడ్డకు పండ్లు వచ్చుచుండెను. ప్రక్కయంత్రమును నడుపు ఎర్రిస్వామి ముప్పదియేండ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి, నోరు మూసికొని పనిచేయుట తెలియనివాడు.

"ఏమ్మా, నీ కూతురు గొంతు ముందర మన బాయిలరు కూత యేమూలకు? దీన్ని గేటు కాడ పండబెడితే షిఫ్టు సైరనే అక్కర్లేదు."

"దిష్టి పెట్టొద్దన్నా. రెండు దినాల నుంచి పాలు కూడా సరిగా తాగల్యాదు. నుదురు ముట్టి చూడు, కాలుతాండాది కదా?"

"ఈ రేకుల కింద నా నుదురు కూడా కాలుతాండాది. నన్నెవురు ఎత్తుకుంటారు?"

కుళ్ళాయమ్మ నవ్వెను గాని మరల నుదురు ముట్టి చూచెను.

ఇట్టి యాందోళనలోనే యామెకొక క్రొత్త యలవాటు పుట్టెను. నీరు ముగిసిన పిమ్మట ముడి వేయుటకు నిలిచిన నాలోపల బిడ్డ గుక్కపట్టునేమో యని నీరు మొదలిడునప్పుడే దాని ముడిని వేసి ముగియగానే యుయ్యాల కడకు పరుగెత్తుచుండెను. లెక్క తన తలలో నున్నదిగదా యను ధైర్యము. పది దినములు నిజముగానే యుండెను. ఆ పది దినములును ఆమె పేలికపై ముడి గడచిన నీటికి గురుతు గాక రాబోవు నీటికి గురుతై నిలిచెను. ఈ మార్పు నామె యెవ్వరితోను జెప్పలేదు. చెప్పదగినంత పెద్దసంగతిగా నామెకు తోచలేదు.

పదునొకండవ దినమున మూడవ లాటు చిన్నపిల్లల ప్యాంట్లు రెండువందల నలుబది. రెండవ నీరు ముగిసి నీలిమురికి కాలువలోనికి దిగిపోయెను. కుళ్ళాయమ్మ తన యలవాటు చొప్పున రాబోవు వేడినీటికై మూడవ ముడి వేసి ఆవిరికుళాయిపై చేయి యుంచునంతలో బిడ్డ యేడ్పు వినబడి నడుమనే తెగిపోయెను. కుళాయి త్రిప్పలేదు. "అన్నా, రవ్వంత నా మిషను చూడు!" అని కేకవేసి పరుగెత్తెను. బిడ్డ త్రాగిన పాలన్నియు గ్రక్కుకొని ముక్కున నిండగా నుక్కిరిబిక్కిరి యగుచుండెను. ఆమె దానిని బోర్ల నెత్తి వీపు తట్టి ముక్కు తుడిచి మరల నది గొంతెత్తి యేడ్చువరకు దింపలేదు.

ఎర్రిస్వామి వచ్చి ముళ్లు లెక్కించెను. మూడు. తలుపు తెరచి చూచెను. లోన నీరు లేదు. మూడు నీళ్లు ముగిసినవని నిశ్చయించి నాలుగవదియైన చన్నీటిని వదలి త్రిప్పి దింపి పద్ధతి చొప్పున నాలుగవ ముడి వేసెను. కుళ్ళాయమ్మ బిడ్డను నిద్రపుచ్చి తిరిగి వచ్చి నాలుగు ముళ్లను జూచి వేడినీరును చన్నీరును రెండును ఆతడే పెట్టెనని తలచి మ్రొక్కినంత పనిచేసి యైదవ నీరు పట్టెను. ఆతడు ముడిని నమ్మెను. ఆమె యాతనిని నమ్మెను. మూడవ నీరు పడనే లేదు.

నీరు పిండు యంత్రమునుండి బట్టలను దీసి తోపుడుబండిలో నింపి ఆరబెట్టు యంత్రము కడకు ద్రోయుసరికి కరెంటు పోయెను. అప్పుడు పగలు ఒంటిగంట. తడిబట్టలు బండిలో నొకదానిపై నొకటి యడగి పైన గోనెపట్టా కప్పుకొని వైశాఖపు వేడిమిలో గూర్చుండెను. మందున కంతకన్న ననుకూలమైన చోటు వేరొకటి లేదు.

నాలుగుగంటల వేళ కుళ్ళాయమ్మ యంత్రము వెనుక తుడుచుచుండగా గోడయరుగుపై సోడాగిన్నె కనబడెను. ప్రతి యుదయమును తిప్పేస్వామి ఆనాటి లాటుల కన్నిటికిని సోడా తూచి గిన్నెలలో బోసి వరుసగా నుంచును. మొదటి లాటు గిన్నె యుత్తది. రెండవది యుత్తది. మూడవది నిండియుండెను. ఆమె వ్రేలితో ముట్టి చూచెను. మేస్త్రి పొరబాటున నెక్కువ తూచెనేమో యని మరల లెక్కపెట్టెను. అటుపిమ్మట లెక్కపెట్టుట మాని బండి కడకు బోయి పట్టా తొలగించి మోచేతివరకు లోనికి చేయి దూర్చెను. అడుగున బట్టలు కోడి పొదిగిన గ్రుడ్లవలె వెచ్చగా నుండెను. చేతికంటిన నీలినూగు మామూలుకన్న హెచ్చు. ఒక చిన్న ప్యాంటు పైకి దీసి పిరుదుల కుట్టు కడ రెండు బొటనవ్రేళ్లతో లాగెను. దారము తెగిన చప్పుడు కూడ కాలేదు. గుడ్డ తడిసిన కాగితమువలె విడిపోయెను.

ఈ సంగతి యింకెవ్వరికిని తెలియదు. కరెంటు రాగానే లాటు ఆరబెట్టు యంత్రములోనికి బోవును. ఆరిన బట్ట చూపునకు బాగుగనే యుండును. మూటగట్టి పంపుదురు. పిదప నెప్పుడైనను తెలిసినను నాలుగవ ముడి వేసినది ఎర్రిస్వామి. నోరు విప్పినచో యంత్రము పోవును, ఉయ్యాల పోవును, ఉయ్యాలతో తాను ఇంటికి బోవలెను, తనకొఱకు నిరీక్షించుచున్న నలుగురును ఇండ్లలోనే నిలిచిపోవుదురు. ఇదంతయు నామెకు వ్రేళ్లపై నెన్నినట్లు తోచెను. దానితోపాటు ఎక్కడో నొక బడిలో నొక పసివాడు క్రిందబడిన పలకను తీసికొనుటకు వంగగా వెనుకకుట్టు పిగిలి తరగతియంతయు ఘొల్లుమని నవ్వుట కూడ కన్నులకు గట్టెను. బడిలో నవ్వబడుట యెట్టిదో యామె యెరుగును.

అంతలో కరెంటు వచ్చెను. శాలయంతయు నొక్కసారిగా గుర్రుమనెను. రుద్రప్ప లోనికి వచ్చెను. ఆతడు చెడ్డవాడు కాడు, తొందరవాడు.

"బళ్లారి లారీ గేటు కాడ నిలబడుకొని ఉండాది. ఆవిరంతా పెద్దోళ్ల ప్యాంట్లకు మళ్లించండి. పిల్లోళ్లవి డ్రయ్యర్లో ఎయ్యండి. బిరీన కానీండి!"

బాయిలరులో మిగిలిన ఆవిరి ఒకే యంత్రమునకు చాలును. కుళ్ళాయమ్మ తిప్పేస్వామి కెదురుగా బోయి నిలిచెను.

"మేస్త్రీ, డ్రయ్యర్లో వద్దు. ఆ లాటుకు ఉడుకునీళ్లు పడల్యా."

"యా లాటుకు?"

"పిల్లోళ్లదానికే. సోడా గిన్నె అట్లే ఉండాది."

ఎర్రిస్వామి యక్కడినుండియే గొంతెత్తెను. "మూడు ముళ్లు నేను ఈ కండ్లతో చూస్తిని కదప్పా! ఒకటి, రెండు, మూడు! నాకు లెక్కలు రావంటాండావా యేమి?"

"నీ లెక్క సరిగ్గానే ఉండాదన్నా. ముడే తప్పు. నీళ్లు పట్టకముందే నేను ముడి యేస్తిని. ఈ పొద్దే కాదు. పది దినాల నుంచి అట్లే యేస్తాండా."

ఎర్రిస్వామి లెక్కపెట్టుటకెత్తిన వ్రేళ్లను దింపెను.

"అందుకే నేను మొదుట్నే చెప్తిని!" అని రుద్రప్ప మొదలిడెను. "బిడ్డతల్లికి మిషను వద్దు వద్దని తల కొట్టుకుంటిని. యినిరా ఎవురన్నా? ఈ మేస్త్రి యినెనా?"

"ఇనల్యాదు. ఇప్పుడు నువ్వు యిను" అనుచు తిప్పేస్వామి బండిలోనుండి యొక ప్యాంటు దీసి యజమాని కన్నులయెదుట లాగెను. అది రెండుగా విడిపోయెను. "ఇదేసుకొని పిల్లోడు గోలీలాడను కుక్కురు కూచుంటే చాలు, పండగే. మనం అరుచుకునే ఒక్కో నిమిషానికి మందు ఒక్కో కుట్టు తింటాండాది. తిట్లు యాడికీ పోవు, తర్వాత తిడుదువు. ఆవిరి యాడికిస్తావు, అది చెప్పు."

రుద్రప్ప గేటు వైపు జూచెను. బండి వైపు జూచెను. నుదుటి చెమట మోచేతితో తుడుచుకొనెను.

"పిల్లోళ్లదానికే పెట్టండి. ఆ లారీ డ్రైవరును టీ తాగి రమ్మనండి. కాదు, అన్నమే తిని రమ్మనండి."

బట్టలు మరల యంత్రపు కడుపున జేరెను. కుళ్ళాయమ్మయే సోడా పోసెను. కుళ్ళాయమ్మయే ఆవిరికుళాయి త్రిప్పెను. యంత్రము మ్రోయుచుండగా తిప్పేస్వామి గోడకు వీపు జేర్చి యొకటి మొదలు ఆరువందలవరకు పైకి లెక్కపెట్టెను. మున్నూరు దాటిన పిమ్మట నెర్రిస్వామియు నాతనితో గలిసి లెక్కింపసాగెను. ఉయ్యాలలో బిడ్డ యొకమారు లేచి యేడ్చెను. దారములు కత్తిరించు స్త్రీలలో నొకతె పోయి యెత్తుకొనెను. కుళ్ళాయమ్మ తల త్రిప్పి చూచెను గాని కదలలేదు. ఆరువందలైన పిమ్మట నీరు దిగెను. ఆ నీరు చివరి బొట్టువరకు దిగిపోవుటను ముగ్గురును వంగి చూచిరి.

మిగిలిన రెండు నీళ్లును పట్టిన పిమ్మట వారొక్కొక్క ప్యాంటును లాగి చూచిరి. బండి యడుగున బరువుక్రింద వెచ్చగా నడగియున్నవే యెక్కువగా చెడియుండెను. ముప్పదిమూడు పిగిలిపోయినవి. రెండువందల యేడు నిలిచినవి. బళ్లారి లారీ పెద్దవారి ప్యాంట్లను మాత్రమే యెక్కించుకొని రెండుగంటలు ఆలస్యముగా గదలెను. ఆ సాయంకాలము కరెంటు మరల నిలువకపోవుటచే చిన్నప్యాంట్లను పెరటిలో త్రాళ్లపై నారవేసి యందరును ఇండ్లకు బోయిరి. కుళ్ళాయమ్మ బిడ్డతోపాటు ఉయ్యాలచీరను గూడ విప్పి మడతపెట్టి తీసికొనిపోయెను. తీయుమని యెవ్వరును జెప్పలేదు.

మరునాటి యుదయమున రుద్రప్ప యామెను పెరటిలోనికి బిలిపించెను. తిప్పేస్వామి చెంతనే యుండెను.

"కుళ్ళాయమ్మా, ఒకటడగతా. నువ్వు చెప్పకుంటే నేను ఎర్రిసామిని తిట్టేవాణ్ణి. లేకుంటే కుట్టినోళ్లను తిట్టేవాణ్ణి. నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదన్నా."

"మరి యాల చెప్తివి?"

ఆమె త్రాళ్లపైని చిన్నప్యాంట్ల వైపు చూచి "పిల్లోళ్లవి కదన్నా" అనెను.

"పెద్దోళ్లవైతే?"

తిప్పేస్వామి యందుకొనెను. "పెద్దోళ్లవైనా చెప్పేది లేప్పా. రవ్వంత ఆలస్యంగా."

రుద్రప్ప నవ్వు నాపుకొనుటకై దగ్గెను. "మిషను దిగు. దారాల కాడ కూచో. మళ్లా ఎప్పుడెక్కాల్నో మేస్త్రి చెప్తాడు. ముడి ఇంక ఒకరు నీళ్లు దింపితే ఇంకొకరు చూసి యేసేది. అందరికీ అంతే." నాలుగడుగులు వేసి మరల నిలిచెను. "ఉయ్యాల ఆ మూల వద్దు. ఆవిరి కొడతాది. దారాలోళ్ల కాడ కిటికీ ఉండాది, ఆడ కట్టుకో."

నెలాఖరును గూర్చి యాతడేమియు ననలేదు. కుళ్ళాయమ్మయు నడుగలేదు. ఆమె లోనికి బోయి తన యంత్రపు పిడిని ఒకమారు ముట్టి విడిచెను. పిమ్మట కిటికీ కడకు బోయి చీర కట్టి బిడ్డను బండబెట్టి కత్తెర తీసికొని పెరటిలోనికి వచ్చెను.

బట్టయందలి లోపమువలెనే మనుష్యుని తప్పునకు గూడ తడియున్నంతవరకే చికిత్స కలదు. ఆరిన పిమ్మట నది పోగులలో పోగై కలిసిపోయి యెవరు తొడిగికొందురో వారి యొడలిపైననే పిగులును. కొండమీదినుండి యుదయపు గాలి దిగెను. త్రాళ్లపై వరుసలు దీరి వ్రేలాడుచున్న రెండువందల యేడు చిన్నప్యాంట్లలోనికి ఆ గాలి చొరబడగా నడుములు గుండ్రములై తొడలు నిండి మోకాళ్లు వంగి కంటికి కనబడని పిల్లలెందరో వానిని దొడిగి యొక్కుమ్మడిగా పరుగెత్తుచున్నట్లుండెను. కుళ్ళాయమ్మ మొదటి త్రాడు కడకు బోయి మొదటి ప్యాంటు కుట్టును బొటనవ్రేళ్ల నడుమ బట్టి లాగి చూచెను. నిలిచెను. రెండవదానిని బట్టెను.